దగ్గరి కీమోనా, దూరపు ట్రయలా?

పెద్దపేగు క్యాన్సర్‌కు కర్నూలులోనే ఆక్సాలిప్లాటిన్ అనే పాత మందుతో కీమో చేయించుకోవాలా? సీఎక్స్-5461 లాంటి కొత్త మందును రోగులపై పరీక్షించే ట్రయల్ కోసం వెతకాలా?

పనితీరు: రెండింటి గురీ కొంతవరకు ఒకటే. క్యాన్సర్ కణం ఎడతెగకుండా పెరగాలంటే ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్‌లు విపరీతంగా కావాలి. ఒక్కో రైబోజోమ్‌లో దాదాపు 80 ప్రొటీన్లుంటాయి. రైబోజోమ్‌ల తయారీ ఆగితే, వాటిలో చేరాల్సి ఉండి పనిలేక మిగిలిన ఆర్‌పీఎల్5, ఆర్‌పీఎల్11 ప్రొటీన్లు ఎండీఎం2 అనే మరో ప్రొటీన్‌ను పట్టుకుంటాయి. అంతవరకు ఎండీఎం2 అదుపులో ఉన్న పీ53, అంటే క్యాన్సర్‌ను అడ్డుకునే ప్రొటీన్, పుంజుకుని కణవిభజనను ఆపేస్తుంది. కొత్త మందును రూపొందించింది ఈ ఆశతోనే. అది డీఎన్‌ఏనూ దెబ్బతీస్తుందని తర్వాత తెలిసింది. ఆక్సాలిప్లాటిన్ కూడా కణాలను చంపేది ప్రధానంగా రైబోజోమ్ తయారీని దెబ్బతీసేనని 2017లో ఒక పరిశోధన చూపింది. కాబట్టి పాతదని తీసిపారేయకండి!

ఖర్చు: కీమోకు ఆరోగ్య పథకం వర్తిస్తుందేమో ముందే అడగండి. ట్రయల్ మందుకు సాధారణంగా డబ్బు తీసుకోరు, కానీ హైదరాబాద్ వెళ్లాలన్నా 200 కిలోమీటర్ల పైమాటే.

ఇబ్బంది: ఆక్సాలిప్లాటిన్‌తో చల్లటి గ్లాసు పట్టుకున్నా వేళ్లలో సూదులు గుచ్చినట్టుంటుంది, తిమ్మిర్లు నెలల తరబడి ఉండొచ్చు. సీఎక్స్-5461తో ఎండ తగిలితే చర్మం కమిలిపోవచ్చు. కర్నూలు వేసవిలో ఇది చిన్న విషయం కాదు.

మొదటిసారి చికిత్స అయితే నిస్సందేహంగా కీమోయే. అందుబాటులో ఉన్న చికిత్సలు పనిచేయక, ఒంట్లో ఓపిక, వెంట మనిషి ఉంటే, అధికారికంగా నమోదైన ట్రయల్ గురించి డాక్టరును అడగండి.