పావర్టీ అండ్ జస్టిస్ బైబిల్: నారింజ రంగు ఎంతవరకు పనికొస్తుంది?

బ్రిటన్‌లోని బైబిల్ సొసైటీ వేసిన ఈ పుస్తకం మామూలు బైబిలే. కాకపోతే కూలి, అప్పు, ఆకలి, పరదేశి, విధవరాలు, తండ్రిలేని బిడ్డ, లంచం తిన్న న్యాయాధిపతి లాంటి మాటలు వచ్చే రెండు వేలకు పైగా వచనాల మీద నారింజ రంగు వేశారు. మధ్యలో ‘ది కోర్’ అని ఒక చిన్న అధ్యయన భాగం ఉంటుంది. పాఠం కాంటెంపరరీ ఇంగ్లిష్ వెర్షన్. 1995లో పూర్తయిన ఈ అనువాదం చెవితో విని అర్థం చేసుకోవడానికి చేసినది కాబట్టి ఇంగ్లిష్ మీడియం పిల్లలు తడబడకుండా చదివేస్తారు.

మొదటి ఉపయోగం కంటికే కనిపిస్తుంది. ‘మన పని ఆత్మల రక్షణ, పేదల సంగతి ఎన్జీవోలు చూసుకుంటాయి’ అనేవాళ్ల చేతికిచ్చి ఆమోసు, యాకోబు పత్రిక తిరగేయమంటే సగం వాదన అక్కడే తేలిపోతుంది. 1970ల మొదట్లో అమెరికాలో జిమ్ వాలిస్, ఆయన తోటి సెమినరీ విద్యార్థులు ఇదే పని కత్తెరతో చేశారు. పేదల గురించిన వచనాలన్నీ కత్తిరించేస్తే చేతిలో చిల్లుల బైబిలు మిగిలింది. అంతకు చాలా ముందే, 1807లో, లండన్‌లో అచ్చయిన ‘బానిసల బైబిలు’ కత్తెరను రెండో వైపుకు తిప్పింది. వెస్టిండీస్ తోటల్లో బానిసల కోసం వేసిన ఆ ప్రతిలో ఐగుప్తు నుంచి విడుదలైన కథే తీసేశారు, ‘దాసులారా, లోబడండి’ అనే మాట మాత్రం ఉంచారు. కాబట్టి దేన్ని ఎత్తి చూపిస్తున్నారో ఎంత ముఖ్యమో, దేన్ని వదిలేస్తున్నారో కూడా అంతే ముఖ్యం. ఈ పుస్తకం బలహీనత కూడా అక్కడే ఉంది.

లేవీయకాండము 25 తీసుకోండి. సునాద సంవత్సరం, అంటే యాభయ్యో ఏట పొలం సొంతదారుకు తిరిగి వెళ్లే ఏర్పాటు, ఆ అధ్యాయంలోనే ఉంది. చితికిపోయిన సహోదరుణ్ణి దాసుడిలా వాడుకోకూడదని 39 నుంచి 43 వరకు చెబుతుంది. ఆ వెంటనే 44 నుంచి 46 వరకు, చుట్టుపక్కల జనాంగాలవారిని కొనుక్కోవచ్చు, పిల్లలకు ఆస్తిగా ఇవ్వవచ్చు అంటుంది. రంగు వెంట పరిగెత్తే కన్ను ఈ మూడు వచనాల దగ్గర ఆగదు. గుంపులో ఎవరో ఒక కుర్రాడు ఆగి అడిగితే నాయకుడి దగ్గర జవాబు ఉండదు. ద్వితీయోపదేశకాండము 15లో అప్పు మాఫీ దగ్గరా ఇదే చిక్కు. సహోదరుడి అప్పు వదిలేయాలి, అన్యుడి దగ్గర వసూలు చేసుకోవచ్చు. ఈ హద్దు ఎవరు గీశారు, యేసు దాన్ని ఎక్కడ చెరిపాడు (లూకా 10, మంచి సమరయుడి కథ) అన్న చర్చ రంగు వేయని వచనాలతోనే మొదలవుతుంది.

రెండో లోపం, ఆజ్ఞ, ప్రవచనం, సామెత, కథ అన్నిటికీ ఒకటే రంగు. నెహెమ్యా 5లో జరిగింది అచ్చంగా ఒక వసూళ్ల పంచాయితీ. పన్ను కట్టడానికి పొలాలు తాకట్టు పెట్టారు, పిల్లల్ని దాస్యానికి అప్పగించారు. పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు, తీసుకున్న నూరో వంతు వడ్డీ, అన్నీ ఆ రోజే తిరిగివ్వాలని నెహెమ్యా పట్టుబట్టాడు. దీన్ని వచనాలుగా విడగొడితే విషయం పోతుంది. అధ్యాయం మొత్తం ఒక్క బిగిన చదవాలి.

తెలుగు సంఘంలో వాడాలంటే ఈ ప్రతిని నాయకుడి దగ్గర ఉంచుకుని, గుర్తులు మన తెలుగు బైబిల్లోకి ఎక్కించుకోవడం మేలు. మార్కర్ పెన్ను వద్దు. బైబిలు కాగితం పల్చన, ఇంకు అవతలి పేజీకి దిగుతుంది. మెత్తటి రంగు పెన్సిలు మొన కాస్త అరగదీసి, పేజీ కింద అట్టముక్క పెట్టి, నొక్కకుండా గీయాలి. ఒక్క రంగు కాకుండా నాలుగు పెట్టుకోండి: కూలికి ఒకటి, అప్పు వడ్డీలకు ఒకటి, భూమికి ఒకటి, న్యాయస్థానానికి ఒకటి. ఇంగ్లిషు ప్రతిలో కొన్నిచోట్ల రెండు మూడు వచనాలు కలిపి ఒకే నంబరు కింద వస్తాయి. ఆ చోట్ల నంబరు చూసి కాక భావం చూసి గీయాలి.

గుంపు ఎనిమిది మందికి మించితే సగం మంది ప్రేక్షకులవుతారు. ముందు అధ్యాయమంతా తెలుగులో పైకి చదివించండి. తర్వాత మూడే ప్రశ్నలు: ఎవరికి ఎవరు బాకీ? ఏం చేయమంటోంది? ఎప్పటిలోగా? ఆ మూడోది వదిలేస్తే చర్చ జాలి దగ్గర ఆగిపోతుంది. ద్వితీయోపదేశకాండము 24:15 పొద్దు గుంకకముందే కూలి ఇచ్చేయమంటుంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 15 రోజుల గడువు పెట్టింది. ఈ రెండూ పక్కపక్కన రాసి, చర్చి ఊడ్చే మనిషికి, వాచ్‌మన్‌కు జీతం ఏ తేదీన ఇస్తున్నారో సంఘం లెక్కల పుస్తకంలో చూడండి.

‘ది కోర్’ ఇంగ్లండు పాఠకుడికి సరిపోయేలా రాసింది. మన దగ్గర కులం ప్రశ్నను మనమే చేర్చుకోవాలి. షెడ్యూల్డ్ కులాల హోదా ఏ మతాలవారికి దక్కుతుందో చెప్పే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు పరిధిలోకి 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులు బయటే ఉండిపోయారు, ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లకు దక్కింది బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్. ఇది ప్రభుత్వాన్ని అడగాల్సింది. సమాధుల తోటలో కులాల వారీ వరసలు, పెళ్లి సంబంధాలు మాత్రం సంఘాన్నే అడగాలి. అందుకు దాసుడని, స్వతంత్రుడని తేడా లేదనే గలతీయులకు 3:28తో పాటు, ఐగుప్తులో పడ్డ బాధలు గుర్తుచేసుకునే ద్వితీయోపదేశకాండము 26 కూడా చదవండి. దళిత వేదాంతానికి దారి వేసిన అరవింద్ నిర్మల్ తన వాదనను ఆ అధ్యాయం మీదే నిలబెట్టారు.

యూత్ నాయకులకు, సెమినరీలో చేరబోయేవాళ్లకు కొనదగ్గ పుస్తకం. ఇంగ్లిషు రాని పెద్దలకు కొనిచ్చి లాభం లేదు, వాళ్లకు పైన చెప్పిన పెన్సిళ్లు చాలు. ఐదుకు మూడున్నర.