గ్రీన్ బిల్డింగ్ గెస్ట్‌హౌస్‌లో తొమ్మిది రాత్రులు: 207 ఇస్తే ఒప్పుకోకండి

మే మొదటి వారంలో డిగ్రీ పేపర్లు దిద్దడానికి అనంతపురం రమ్మని ఆర్డరు వచ్చింది. మాది ప్రొద్దుటూరు, నేను ఫిజిక్స్ చెప్తాను. ఇంతకుముందు వాల్యుయేషన్‌కు పోయినప్పుడల్లా బస్టాండు దగ్గర లాడ్జిలో ఉండేవాళ్ళం. ఈసారి యూనివర్సిటీ వాళ్ళు క్యాంపస్‌లోని గెస్ట్‌హౌస్ ఇచ్చారు. గేటు పక్కనే ఆకుపచ్చ బోర్డు, దాని మీద 'ఇంధన పొదుపు హరిత భవనం' అని తెల్ల అక్షరాలు. లాబీలో రేటింగు బిళ్ళ ఇత్తడిది, రోజూ తుడుస్తున్నట్టుంది, మొహం కనిపిస్తోంది. ఏ యూనివర్సిటీయో చెప్పను. వచ్చే ఏడాది కూడా వాళ్ళే నాకు రూము ఇవ్వాలి.

మొదట ఇచ్చింది 207, పై అంతస్తులో పడమటి మూల. చూడ్డానికి గొప్పగా ఉంది. గోడంతా కిటికీ, కిటికీ అంతా అద్దం, పైన సజ్జ లేదు. పేపర్లు దిద్ది నాలుగున్నరకు తలుపు తీస్తే మంచం మీద ఎండ పరుచుకుని ఉంది. దుప్పటి ముట్టుకుంటే అప్పుడే ఇస్త్రీ చేసినట్టుంది. అద్దం సంగతి పిల్లలకు ఏటా చెప్పేదే. ఎండను లోపలికి రానిస్తుంది, లోపల కాగిన వస్తువులు విడిచే వేడిని మాత్రం బయటికి పోనివ్వదు. కేంద్రం 2017లో సవరించిన భవన ఇంధన పొదుపు కోడ్ కూడా గోడ వైశాల్యంలో కిటికీల వాటా 40 శాతం దాటొద్దనే చెప్పింది. నేను టేపు పెట్టి కొలవలేదు గానీ ఈ బిల్డింగు పడమటి ముఖం చూస్తే, గోడ కోసం వెతుక్కోవాలి.

ఆఫీసులో మొత్తుకుంటే రెండో రోజు కింద 103కు మార్చారు. ఇక్కడ మాత్రం మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. ఉత్తరం వైపు గది, కిటికీ చిన్నది, బయట రెండు వేపచెట్లు. వెనక పైపుల దగ్గర ఎప్పుడో రిపేరుకు గోడ పగలగొట్టి, పూత పూయకుండా వదిలేశారు. ఆ చిల్లులోంచి గోడ లోపల ఎలా ఉందో కనిపించింది. బూడిద ఇటుకలు పడుకోబెట్టి కాదు, అంచు మీద నిలబెట్టి కట్టారు. రెండు వరసల నడుమ నాలుగు వేళ్ళు దూరేంత ఖాళీ. దీన్ని ర్యాట్ ట్రాప్ బాండ్ అంటారు, ఎలుకబోను కట్టుబడి అనుకోండి. మన దేశంలో దీన్ని బాగా వాడుకలోకి తెచ్చింది కేరళలో ఇళ్ళు కట్టిన లారీ బేకర్. మామూలు తొమ్మిదంగుళాల గోడతో పోలిస్తే ఇటుకలు దాదాపు పావు వంతు తగ్గుతాయి. నడుమ చిక్కుకున్న గాలి ఎండ వేడిని తొందరగా లోపలికి రానివ్వదు. బూడిద ఇటుకలకు కాల్చే పని కూడా లేదు. మా ముద్దనూరు దగ్గర బొగ్గుతో కరెంటు తీసే ఆర్టీపీపీ వదిలే బూడిదే కొండలా పడి ఉంటుంది. అది గోడలోకి పోతే అంతకన్నా ఏం కావాలి.

ల్యాబులో వాడే చిన్న థర్మామీటరు నా హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది. మా ఆయన నవ్వుతాడు, నవ్వనీ. మధ్యాహ్నం మూడు గంటలకు బయట వేపచెట్టు నీడలో 41, గదిలో ఏసీ లేకుండా 33. అనంతపురం మే నెలకు అది చల్లదనమే. నాలుగు రోజులు అట్లాగే ఉంది. సోమవారం మధ్యాహ్నం చూస్తే 36. బయట మాత్రం అదే ఎండ. గోడ మారలేదు, చెట్లు మారలేదు, మరి మూడు డిగ్రీలు ఎక్కడి నుంచి వచ్చాయో అర్థం కాక వాచ్‌మన్‌ను అడిగాను.

"నిన్న నేను సెలవు గదమ్మా," అన్నాడు పెద్దాయన.

ఆయన రోజూ రాత్రి పదింటికి పొడుగు కట్టె తీసుకుని వరండా పైన ఉన్న వెంటిలేటర్లన్నీ ఒక్కొక్కటే తోసి తెరుస్తాడు. మెట్ల పైన గవాచి లాంటిది, అంటే కప్పులో గాలీ వెలుతురూ వచ్చే కంత, ఒకటుంది, దాని తాడు లాగి కడతాడు. పొద్దున ఏడు కాకముందే అన్నీ మూసేస్తాడు. ఇక్కడ పగలు 41 ఉన్నా తెల్లవారుజాముకు 27కు దిగుతుంది. ఆ చల్లగాలి రాత్రంతా గోడల్ని, కింద బేతంచెర్ల బండల్ని చల్లబరిస్తేనే అవి మరుసటి పగలు వేడి పీల్చుకోగలవు. ఆదివారం రాత్రి తెరిచేవాళ్ళు లేరు. గోడలు నిన్నటి వేడితోనే సోమవారానికి వచ్చాయి.

"ఇట్లా చేయమని ఎవరైనా చెప్పినారా?" అన్నాను.

"ఎవురు చెప్తారమ్మా? మాది మట్టి మిద్దె. మా యమ్మ ఎండాకాలం చేసేది ఇదే. ఈడ ఇంజనీర్లు వచ్చి బోర్డు పెట్టి పోయినారు. ఆ తాడు ఎందుకో నేనే కనుక్కున్యా."

కోట్లు పెట్టి కట్టిన ఈ బిల్డింగు ఒక్క మనిషి కట్టెతో నడుస్తోంది. ఆయన డ్యూటీ కాగితంలో ఈ పని ఉండదు. రిటైర్ అయితే వచ్చేవాడికి చెప్పేవాళ్ళు ఉండరు. ఇదే బిల్డింగును కట్టినవాళ్ళు రెండు పేజీల తెలుగు కాగితం ఒకటి రాసి గోడకు అంటించి ఉంటే ఎంత బాగుండేది. రేటింగు బిళ్ళ పక్కన బోలెడు చోటుంది.

ఇక ఫ్యాన్లు. అన్నీ తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లే. మామూలు ఫ్యాను 75 వాట్లు తాగితే ఇవి 28 దగ్గర ఆగుతాయి. గెస్ట్‌హౌస్‌లో 24 గదులు, గదికి రెండు ఫ్యాన్లు. రోజుకు పన్నెండు గంటలు తిరిగితే మిగిలేది 27 యూనిట్లు. లెక్క బాగుంది. కానీ వీటికి గోడమీద రెగ్యులేటరు ఉండదు, రిమోట్ ఉంటుంది. ఆ రిమోట్‌ను ఎవరో ఎత్తుకుపోతారని 103లో కిటికీ ఊచకు పురికొసతో కట్టేశారు. మంచం మీంచి అందదు. పైగా ఒకే రిమోట్‌కు రెండు ఫ్యాన్లూ పలుకుతాయి. నా రూమ్మేటు కడప నుంచి వచ్చిన బోటనీ మేడం, ఆమెకు రెండు మీద ఉంటేనే నిద్ర, నాకు ఐదు కావాలి. నేను ఐదు నొక్కితే ఆమె ఫ్యానూ ఐదు. ఆమె లేచి రెండు నొక్కితే నాదీ రెండు. మూడో రాత్రి సెల్లులు అయిపోయాయి. ఆఫీసులో అడిగితే ఇండెంటు పెట్టాలన్నారు. ఇరవై రూపాయలు పెట్టి నేనే కొనుక్కొచ్చాను.

బాత్‌రూమ్ లైటుకు సెన్సరు. మనిషి కదలకపోతే ఆరిపోతుంది. తలకు షాంపూ పెట్టుకుని చీకట్లో చెయ్యి ఊపుతూ నిలబడ్డాను, అంతకన్నా రాయను.

నీళ్ళ గురించి మాత్రం రాయాలి. పైన సోలార్ వాటర్ హీటరు, ఆ పక్కనే ఎండలో నల్ల ప్లాస్టిక్ ట్యాంకులు. మే నెలలో వేడినీళ్ళ పంపులో వేడినీళ్ళు, చన్నీళ్ళ పంపులో ఇంకా వేడినీళ్ళు. స్నానం తెల్లవారి ఐదింటికి చేయాలి, లేకపోతే ముందురోజే బకెట్టు నింపి పెట్టుకోవాలి. ట్యాంకులకు తెల్లరంగు కొట్టి పైన ఒక రేకు వేసినా సగం బాధ పోతుంది.

ఒక సాయంత్రం పెద్దాయనతో మిద్దె మీదికి పోయాను. నేల మీద పగిలిన తెల్ల టైల్స్ ముక్కలు అతికించారు. ఐదున్నరకు చెప్పులు విడిచి నిలబడగలిగాను. మా ఇంటి మిద్దె మీద ఆ టైముకు పిల్లులు కూడా నడవవు. సోలార్ ప్యానెళ్ళ మీద మాత్రం వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము. 20 కిలోవాట్లని రాసి ఉంది. కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్ల లెక్కన 80 రావాలి. ఆ రోజు ఇన్వర్టరు చూపించింది 61. దుమ్ము ఒక్కటే కాదు, తర్వాతెప్పుడో కట్టిన నీళ్ళ ట్యాంకు నీడ మధ్యాహ్నం నుంచి ఒక వరస మీద పడుతోందట. ప్యానెళ్ళు సిరీస్‌లో ఉంటాయి కాబట్టి ఒకటి నీడలో పడితే ఆ వరసంతా నీరసిస్తుంది. ఇది నేను క్లాసులో బ్యాటరీలతో చూపిస్తాను. ఇక్కడ బిల్డింగుతోనే చూపించారు.

కడగడానికి నీళ్ళేవని అడుగుతారు, నిజమే. కానీ వాననీళ్ళ గుంత కూడా కట్టారు కదా. వెయ్యి చదరపు మీటర్ల మిద్దె మీద అనంతపురంలో ఏటా పడే ఐదువందల యాభై మిల్లీమీటర్లు పడితే ఐదున్నర లక్షల లీటర్లు. ఆవిరికి, కారిపోయేదానికి కొంత తీసేసినా తక్కువేం కాదు. గుంత దగ్గరికి పోయి చూస్తే గడ్డకట్టిన సిమెంటు బస్తాలు, కాళ్ళు విరిగిన కుర్చీలు మూడు.

ఇట్లాంటివి బాగా నడుస్తున్న చోట్లు లేవని కాదు. హైదరాబాదులో 2004లో అప్పటి రాష్ట్రపతి కలాం ప్రారంభించిన, పరిశ్రమల సమాఖ్య సీఐఐ వాళ్ళ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను చూశాను. గాలిని చల్లబరిచి లోపలికి పంపే గోపురాలు, గాలాడే కంతలున్న జాలీ గోడలు, మిద్దె మీద పచ్చిక. అక్కడ బిల్డింగును చూసుకోవడమే ఒక ఉద్యోగం.

క్యాంటీన్‌లో ఉగ్గాని బజ్జి బాగుంది, మధ్యాహ్నం పప్పు నీళ్ళు. ఏసీ గదులకు అదనంగా తీసుకుంటారు, 103లో ఉన్న ఎనిమిది రాత్రులూ నాకు ఆ అవసరం రాలేదు.

వచ్చేరోజు కంప్లయింటు రిజిస్టరు అడిగి తీసుకున్నాను. చన్నీళ్ళ పంపులో వేడినీళ్ళ గురించి రాద్దామని వెనక్కి తిప్పితే, అదే మాట రెండేళ్ళ కిందట కర్నూలు నుంచి వచ్చిన ఒక మేడం నా కన్నా మంచి చేతిరాతతో రాసి ఉంది. దాని పక్కన 'చూడబడినది' అని ఎర్ర ఇంకుతో సంతకం. నేను కింద 'పైన చెప్పినట్టే' అని రాసి తేదీ వేశాను. తర్వాతి గడిలో వాచ్‌మన్ ఆదివారం సెలవు పెడితే వెంటిలేటర్లు తెరిచే పని ఎవరిదో తేల్చమని రాశాను. పెద్దాయన పక్కన నిలబడి చదివించుకుని, "అది రాయొద్దమ్మా, ఆదివారం గూడా నన్నే రమ్మంటారు," అన్నాడు. కొట్టేశాను.

పోయేవాళ్ళు సన్న పెన్సిల్ సెల్లులు రెండు బ్యాగులో వేసుకోండి.