ఏడేళ్లుగా నాయిస్‌తో నా అక్షరాలు

లిరికల్ వీడియోలకూ పెళ్లి పిలుపు వీడియోలకూ ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో టైటిళ్లు కదిలించడం ఏడేళ్లుగా నా పని. ఎన్ని ప్లగిన్లు కొన్నా చివరికి నా చెయ్యి వెళ్లేది నాయిస్ దగ్గరికే. నాయిస్ అంటే ఇక్కడ చప్పుడు కాదు, కదలికను నడిపే, నున్నగా మారుతూ పోయే అంకెల వరుస.

మొదట్లో రాండమ్ విలువలూ (వరసా వాయీ లేని అంకెలు), నాయిస్ ఒకటే అనుకున్నాను. రాండమ్ ఇస్తే అక్షరం ఫ్రేము ఫ్రేముకూ ఎక్కడికో దూకుతుంది, నిమిషం చూసేసరికి కళ్లు లాగుతాయి. 1983లో కంప్యూటర్ శాస్త్రవేత్త కెన్ పెర్లిన్ రూపొందించిన నాయిస్‌లో పక్కపక్క క్షణాల విలువలు కూడా దగ్గరగానే ఉంటాయి. అందుకే అక్షరం చెరువులో తామరాకులా ఊగుతుంది. ఆ ఆవిష్కరణకు ఆయన 1997లో ఆస్కార్ సాంకేతిక పురస్కారం అందుకున్నారు. రోజూ దానితో పని చేసేవారికి అది చాలా చిన్న సత్కారం అనిపిస్తుంది!

ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో అక్షరాలను ఊగించే విగ్లీ సెలెక్టర్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది కోరిలేషన్, అంటే అక్షరాలు ఎంతవరకు కలిసి కదలాలో చెప్పే అంకె. 100 శాతం పెడితే పదమంతా ఒక్క ముద్దగా కదులుతుంది, సున్నా పెడితే ఏ అక్షరం దారి దానిదే. మొదట 50 ఉంటుంది, నేను 75 దాకా పెంచుతాను. అప్పుడు అక్షరాలు వేటికవే కదులుతూనే ఒకే మాటగా నిలుస్తాయి. వేగం సెకనుకు 2 సార్లు, కదలిక 6 పిక్సెళ్లు నాకు హద్దు. జోలపాటకు వేగం 0.5 చాలు. చేతిరాత ఖతులకు (ఫాంట్లకు) మాత్రం పోస్టరైజ్ టైమ్ అనే ఎఫెక్టును 12 దగ్గర తగిలిస్తాను. అప్పుడు కదలిక సెకనుకు 12 సార్లే మారుతుంది, కాగితం మీద గీసిన బొమ్మల పోలిక వస్తుంది.

తెలుగుతో శ్రమ ఎక్కువ. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం, కంప్యూటర్ అక్షరాలను గుర్తించే యూనికోడ్‌లో ఆరు సంకేతాలు. ఒత్తు ఒకవైపు, గుడి ఒకవైపు ఊగడం నేను భరించలేను. కాబట్టి విభజనను కంప్యూటర్‌కు వదలను. వాక్యాన్ని ఆకారాలుగా మార్చి, ఒక్కో అక్షరాన్ని ఒత్తుతో సహా విడి లేయరులో పెడతాను. ఒక్కోదానికి వేరే సీడ్ (కదలిక తీరును నిర్ణయించే అంకె) ఇచ్చి, ఊగించే ఆదేశమైన విగిల్ రాస్తాను. ఇరవై అక్షరాల చరణానికి గంట పడుతుంది. తొందర పనైతే పదాలవారీగా కదిలించి ఊరుకుంటాను, అది కూడా అందంగానే ఉంటుంది. సీడ్ విషయంలో మాత్రం తొందరపడను. పది మార్చి చూస్తే ఒకదానిలో పాట ఊపిరి పీల్చే చోటే అక్షరం కూడా పైకి లేస్తుంది.