తాతయ్య ఇచ్చిన డబ్బుతో హెచ్‌ఎంటీ జనతా: కొనేముందు వెనక మూత తీయించండి

ఉద్యోగం వచ్చిందనో పెళ్లి కుదిరిందనో తాతయ్య చేతిలో పెట్టిన డబ్బుతో గుర్తుగా వాచీ కొనాలనుకుంటే, ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ముప్పై ఏళ్లు పోయాక దీన్ని ఎవరైనా విప్పి బాగుచేయగలరా? ఈ లెక్కన బంగారు పూత క్వార్ట్జ్ (బ్యాటరీ) వాచీ మొదటే పక్కకు పోతుంది. చెమటకు పూత లేస్తుంది, పెట్టెలో మర్చిపోయిన బ్యాటరీ లోపల కారుతుంది, సర్క్యూట్ పోయేనాటికి ఆ మోడల్‌కు సరిపడేది దొరక్కపోవచ్చు.

జనతా అలా కాదు. జపాన్‌కు చెందిన సిటిజన్ కంపెనీ సహకారంతో హెచ్‌ఎంటీ 1961లో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. (హైదరాబాద్ చింతల్ దగ్గరున్నది యంత్రాల ఫ్యాక్టరీ, వాచీలది కాదు.) లోపలున్నది 0231 మిషను: 17 జువెల్స్ (ఇరుసులు అరగకుండా పెట్టే చిన్న రాళ్లు), రోజూ కీ ఇవ్వాలి, గంటకు 18,000 టిక్కులు. హెచ్‌ఎంటీ వారి ఇంకో మోడల్ పైలట్‌లో ఉన్నదీ ఇదే కాబట్టి ఒకదాని చక్రం ఇంకోదానికి పనికొస్తుంది. వాచీల కంపెనీ మూసివేతకు 2016లో కేంద్రం ఒప్పుకున్నా, పాత వాచీల పుణ్యమా అని విడిభాగాలకు ఇప్పటికీ పెద్ద కరువు లేదు. వెడల్పు సుమారు 35 మిల్లీమీటర్లు, బెల్టు 18. ఈ రోజుల్లో చిన్నదంటారు గానీ, మన మణికట్లకు అదే నప్పుతుంది.

చిక్కంతా కొనడంలోనే ఉంది. ఆన్‌లైన్‌లో పన్నెండు, పదిహేను వందలకు తళతళలాడే పైలట్ కనిపిస్తే అనుమానించండి. చెమ్మకు మచ్చలు పడ్డ పాత డయల్‌ను తుడిచేసి, మళ్లీ రంగేసి, అక్షరాలు అచ్చేస్తారు. లోపలి మిషను మాత్రం నూనె ఎండిపోయి అలాగే ఉంటుంది, లేదా మూడు వాచీల ముక్కలతో అతికింది. భూతద్దం పెట్టి చూడండి. అసలు డయల్ మీద అక్షరాల అంచులు పదునుగా, నిమిషాల గీతలు సమదూరంలో ఉంటాయి. రంగేసినదాంట్లో సిరా పాకి అక్షరం లావెక్కుతుంది, కొన్ని గీతలు అంకెల్లోకి దూరతాయి, ముళ్లు దిగే నడిమి రంధ్రం చుట్టూ రంగు పెచ్చులు లేస్తుంది. నలభై ఏళ్ల వాచీకి చీకట్లో మెరిసే రేడియం పచ్చగా, కొత్తగా ఉందంటే ఎవరో నిన్నమొన్న పూసిందే. డయల్‌ను మిషనుకు పట్టి ఉంచే కాళ్లు విరిగితే జిగురుతో అంటించేవాళ్లూ ఉన్నారు. ఆ జిగురు వదిలిన రోజు డయల్ పక్కకు జరిగి ముల్లుకు తగులుతుంది. మరకలున్నా సరే, అసలు డయలే తీసుకోండి.

మూత తీసి చూపించనంటే బేరం వద్దు. మిషను మీద తుప్పు, గీరుకుపోయిన స్క్రూ తలలు ఉంటే పని తెలియని చేతులు పడ్డాయని అర్థం. కీ ఇస్తే పాతిక చుట్లకు అటూ ఇటూగా గట్టిపడాలి. ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంటే వాచీని నడిపే మెయిన్‌స్ప్రింగ్ తెగిందనుకోవచ్చు. నిండా కీ ఇచ్చాక ఒక రోజు దాటి నడవాలి. రిపేరు షాపులో టైమ్‌గ్రాఫర్ (టిక్కులు విని వాచీ నడక కొలిచే యంత్రం) ఉంటే పెట్టించండి. నిండా కీ ఉన్నప్పుడు యాంప్లిట్యూడ్, అంటే లోపల అటూ ఇటూ ఊగే చక్రం ఎంత తిరుగుతుందన్నది, 250 డిగ్రీల దరిదాపుల్లో ఉంటే బాగున్నట్టు, 200 కిందికి పడితే సర్వీసు తప్పదు. రోజుకు అర నిమిషం తేడా ఈ వయసు వాచీకి తప్పు కాదు. హఠాత్తుగా నిమిషాల కొద్దీ ముందుకు పరిగెడితే మాత్రం ముందు అయస్కాంతం సోకిందేమో చూడాలి, అది డీమాగ్నెటైజర్‌తో క్షణంలో పోతుంది.

డబ్బంతా వాచీకే పోయకండి. సగం సర్వీసుకు ఉంచండి: మిషను మొత్తం విప్పి, కడిగి, నూనె వేయడం. పెట్రోలులో ముంచి తీసేది సర్వీసు కాదు. తర్వాత నాలుగైదేళ్లకోసారి. కీ పొద్దున్నే, వాచీ చేతినుంచి తీసి ఇవ్వాలి. పెట్టుకునే తిప్పితే కీ కాడ వంకరపోతుంది. అద్దం యాక్రిలిక్ కాబట్టి గీతలు పాలిష్‌తో పోతాయి. నీళ్లకు మాత్రం ఇది ఆగదు. చేతులు కడిగేటప్పుడు కూడా జాగ్రత్త.

రోజంతా బండి మీద, వానలో తిరిగేవాళ్లకు జనతా సరిపడదు. వాళ్లు 40 మిల్లీమీటర్ల సీకో 5 స్పోర్ట్స్ తీసుకోవడం మేలు. చేతి కదలికకే కీ ఎక్కే 4ఆర్36 ఆటోమేటిక్ మిషను, 100 మీటర్ల నీటి రక్షణ, మెకానిక్కులకు బాగా అలవాటైన సరుకు. ధర చాలా ఎక్కువే. పైగా రోజుకు 45 సెకన్లు ముందు, 35 సెకన్లు వెనక వరకూ కంపెనీయే సరేనంటుంది, కొత్తది కదా అని క్వార్ట్జ్ కచ్చితత్వం ఆశించొద్దు.

తాతయ్య పేరు చెక్కించాలంటే మూతను విడిగా తీసి పంపండి. వాచీకి ఉండగా చెక్కితే లోహపు పొడి, అదురు రెండూ మిషనుకు చేటు. బయటివైపు చెక్కింది చర్మం రాపిడికి ఏళ్ల మీద అరుగుతుంది, లోపలివైపు అలాగే ఉంటుంది. అయితే లోపల మధ్యలో కాకుండా అంచు వెంట చెక్కించండి. సర్వీసు చేసిన మెకానిక్కులు సూదితో తేదీ గీసుకునేది ఆ మధ్యలోనే.