కేటలాగులు కలపడానికి: దగ్గరి చుక్కా, సంభావ్యత లెక్కా? ఏది మేలు?

యూరప్ అంతరిక్ష నౌక గైయా కొలిచిన నక్షత్రాల కేటలాగ్‌ను ఇంకో కేటలాగ్‌తో కలిపి, రెండింట్లో ఒకే నక్షత్రం ఏదో గుర్తించేటప్పుడు దగ్గరున్న చుక్కనే జతగా తీసుకోవాలా, బేసియన్ (సంభావ్యత) లెక్కలు కట్టాలా అని తరచూ అడుగుతున్నారు. ఈ మధ్య గైయా మూడో విడుదలను టూమాస్ (2MASS) అనే పరారుణ కాంతి ఆకాశ సర్వేతో కలిపినప్పుడు నేను మొదటి దారే పట్టాను.

నన్నడిగితే, ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే. జత వెతకడానికి ఒక్కో చుక్క చుట్టూ మీరు గీసే వృత్తంలో సంబంధం లేని చుక్కలు ఎన్ని పడతాయి? గైయాలో సుమారు 180 కోట్ల చుక్కలున్నాయి. ఆకాశం మొత్తం 41,253 చదరపు డిగ్రీలు. అంటే సగటున చదరపు డిగ్రీకి దాదాపు 44 వేలు. 1 ఆర్క్‌సెకన్ (డిగ్రీలో 3,600వ వంతు) వ్యాసార్ధంతో గీస్తే పరాయి చుక్క పడే అవకాశం నూటికి ఒకటి. 10 ఆర్క్‌సెకన్లతో గీస్తే వైశాల్యం వంద రెట్లవుతుంది కాబట్టి, సగటున వృత్తానికో పరాయి చుక్క! పాలపుంత తలం వైపు పరిస్థితి ఇంకా ఘోరం.

టూమాస్ స్థానాల్లో దోషం చాలావరకు 0.1 ఆర్క్‌సెకన్ స్థాయిలోనే ఉంటుంది. వృత్తం చిన్నదైతే చాలు, దగ్గరి చుక్కతో పని జరిగిపోతుంది. పట్టికలు కలిపే టాప్‌క్యాట్ సాఫ్ట్‌వేర్‌లో నిమిషాల పని, ఎవరైనా మళ్లీ చేసి సరిచూసుకోవచ్చు.

అయితే అంతకుముందే కాలాలు కలపాలి. టూమాస్ పరిశీలనలు 1997–2001 మధ్యవి, గైయా స్థానాలు 2016.0 నాటివి. ఏడాదికి 0.2 ఆర్క్‌సెకన్లు కదిలే నక్షత్రం ఈలోగా 3 ఆర్క్‌సెకన్లు జరిగిపోతుంది. అన్నిటికంటే వేగంగా జరిగే బర్నార్డ్ నక్షత్రమైతే 160 దాటుతుంది. ఇలా జారిపోయేవి ఎక్కువగా మనకు దగ్గరి నక్షత్రాలే కాబట్టి, నష్టం అన్నిటికీ సమానంగా ఉండదు. వృత్తం పెంచి వీటిని పట్టబోతే పరాయివాళ్లు దూరతారు. గైయా ఇచ్చే స్వీయచలనంతో (ఆకాశంలో నక్షత్రం ఏటా జరిగే కొలతతో) స్థానాన్ని 2000 దాకా వెనక్కి జరపండి. మరీ వేగంగా కదిలేవాటికి టూమాస్ వరుసలో ఉన్న పరిశీలన తేదీ వాడండి. గైయా ఇచ్చే రైట్ అసెన్షన్ (తూర్పు-పడమర) చలనంలో డెక్లినేషన్ (ఉత్తర-దక్షిణ కోణం) కొసైన్ ముందే కలిసి ఉంటుంది. జరిపేటప్పుడు దాంతో భాగించాలి, చాలామంది మర్చిపోయేది ఇక్కడే.

స్థానదోషం కొన్ని ఆర్క్‌సెకన్లున్న ఎక్స్‌రే కేటలాగులకు మాత్రం సంభావ్యత లెక్కే మేలు. ఒకే వృత్తంలో నలుగురు పోటీపడుతుంటే దూరం ఒక్కటే చూసి తేల్చలేం, ప్రకాశాన్నీ రంగునూ కూడా సాక్ష్యంగా తీసుకోవాలి. సదర్లాండ్, సాండర్స్ 1992లో చూపిన లైక్లీహుడ్ రేషియో (అసలు జత అయ్యే అవకాశానికీ, యాదృచ్ఛికంగా పడే అవకాశానికీ నిష్పత్తి), బుడవారి, సలాయ్‌ల 2008 నాటి బేసియన్ సూత్రం ఇందుకే. కానీ జత ఇంత ప్రకాశంగా ఉండాలని ముందే ఊహించి కలిపి, ఆ జాబితాలోంచే ప్రకాశాల పంపిణీ గీస్తే కనిపించేది మీ ఊహే. నా భయమంతా అదే.

ఏ దారి పట్టినా ఒక కేటలాగ్‌ను 30 ఆర్క్‌సెకన్లు పక్కకు జరిపి మళ్లీ కలిపి చూడండి. అప్పుడు దొరికేవి దాదాపు అన్నీ దొంగ జతలే కాబట్టి, అసలు జాబితాలో ఎన్ని తప్పులుంటాయో తెలుస్తుంది.

గైయా ఆర్కైవ్‌లోని రెడీమేడ్ జతల పట్టికలు మామూలు అవసరాలకు సరిపోతాయి. పెద్ద పట్టికలకు స్ట్రాస్‌బర్గ్ ఖగోళ డేటా కేంద్రం వాళ్ల ఎక్స్‌మ్యాచ్ సేవ ఉంది.

జత దొరకని వరుసలను పారేయకండి. టూమాస్‌లో ఉండి గైయాలో లేనివాటిలో ధూళి చాటున దాగినవీ, గైయాకు అందనంత ఎర్రనివీ ఉంటాయి.