20-20-0-13 బస్తా కొర్రకు వేస్తే: లెక్క, ఖర్చు, వేసే తీరు

కొర్ర విత్తేముందు ఎరువు అడిగితే దుకాణంలో ముందు చూపించేది డీఏపీ. అది లేకపోతే 20-20-0-13, వాడుకలో 20-20. రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడతారు గానీ ఒకటి కావు. నల్లరేగడిలో వర్షాధారంగా వేసే కొర్రకు 20-20-0-13 చక్కగా సరిపోతుంది. ధర దగ్గర మాత్రం కాగితం మీద లెక్క వేసుకునే కొనాలి.

ఈ నాలుగు అంకెలు వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం శాతాలు. 50 కిలోల బస్తాలో నత్రజని 10 కిలోలు, భాస్వరం 10 కిలోలు, గంధకం 6.5 కిలోలు ఉంటాయి. పొటాష్ లేదు. కొర్రకు సిఫారసు ఎకరాకు విత్తేటప్పుడు 8 కిలోల నత్రజని, 8 కిలోల భాస్వరం. ఆ తర్వాత మూడు నాలుగు వారాలకు మరో 8 కిలోల నత్రజని. అంటే 20-20-0-13 ఎకరాకు 40 కిలోలు వేస్తే విత్తేటప్పటి మోతాదు మొత్తం అందులోనే వచ్చేస్తుంది. పక్కన యూరియా కలిపే పని లేదు. అదనంగా 5.2 కిలోల గంధకం పడుతుంది, అదీ మొక్క వెంటనే తీసుకోగలిగే సల్ఫేట్ రూపంలో. కొర్ర కోసి అదే చేలో శనగ వేసే నంద్యాల, కర్నూలు వైపు రైతులకు ఈ గంధకం చిన్న విషయం కాదు.

ఇక ఖర్చు. డీఏపీతో అదే మోతాదు ఇవ్వాలంటే 17.4 కిలోల డీఏపీ, 10.6 కిలోల యూరియా కావాలి. డీఏపీ బస్తా 1,350 రూపాయలు, 45 కిలోల యూరియా 266.50 లెక్కన ఎకరాకు 533 రూపాయలు. 20-20-0-13 బస్తా 1,300 అనుకుంటే 40 కిలోలకు 1,040 అవుతుంది. బస్తా ధర చూస్తే కాస్త చవకగా కనిపించే ఎరువు ఎకరాకు దాదాపు రెట్టింపు పడుతోంది. ఆ తేడా గంధకానికి, పని సులువుకి పెడుతున్న డబ్బు. నేలలో గంధకం సరిపడా ఉందని భూసార పరీక్షలో తేలితే మేమైతే డీఏపీ, యూరియానే వేయమంటాం. గంధకం తక్కువగా ఉండి డబ్బు కూడా చూసుకోవాలంటే సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ ఉంది. ఒక బస్తాలో 8 కిలోల భాస్వరం, 5.5 కిలోల గంధకం వస్తాయి. దానికి 17 కిలోల యూరియా తోడు కావాలి. రెండూ కలిపి ఉంచితే చెమ్మగిల్లి ముద్దవుతాయి కాబట్టి సూపర్‌ను ఆఖరి దుక్కిలోనే విడిగా వేసుకోవాలి.

కొనేటప్పుడు నాలుగో అంకె చూడండి. 20-20-0-0 అని ఇంకో రకం ఉంది, దానిలో గంధకం ఉండదు. 2022 అక్టోబరు నుంచి సబ్సిడీ ఎరువులన్నీ 'భారత్' పేరుతోనే వస్తున్నాయి, కనుక సంచి రంగును, పెద్దక్షరాలను నమ్ముకుంటే పొరపాటు జరుగుతుంది. పిడికెడు గుళికలకు కొంచెం సున్నం కలిపి నలిపితే ఘాటుగా అమ్మోనియా వాసన రావాలి. రాకపోతే ఆ బస్తా తీసుకోవద్దు. వాసన వచ్చినంత మాత్రాన అంకెలు సరైనవని మాత్రం కాదు. మిషన్ కుట్టు చెదరకుండా ఉందో లేదో చూసి, బిల్లు అడిగి తీసుకోండి.

ఎక్కువ నష్టం జరిగేది వేసే తీరులోనే. భాస్వరం వేసిన చోటి నుంచి కదలదు. పైన చల్లితే వేరుకు అందదు, సున్నం ఎక్కువున్న రేగడిలో అక్కడే బిగుసుకుపోతుంది. అమ్మోనియా రూపంలోని నత్రజని కూడా అలాంటి నేల మీద పైపైన పడితే గాలిలో కలిసిపోతుంది. అందుకే విత్తనం, ఎరువు సాళ్లలో దింపే గొర్రుతోనే వేయాలి. అలాగని విత్తనంతో పాటు ఒకే గొట్టంలో పోయకూడదు. కొర్ర గింజ చిన్నది, 2-3 సెంటీమీటర్ల లోతులోనే పడుతుంది. నేలలో పదును (తేమ) తక్కువైన రోజున ఎరువు గుళిక దాన్ని ఆనుకుంటే ఎరువులోని ఉప్పుకి మొలక మాడిపోతుంది, సాలు పొడవునా ఖాళీలు కనిపిస్తాయి. ఎరువు గింజకు 5 సెంటీమీటర్లు పక్కగా, కిందికి పడాలి.

ట్రాక్టర్ గొర్రు సరిచేసుకోవడం అరగంట పని. సాళ్ల మధ్య 30 సెంటీమీటర్లుంటే ఎకరాకు 40 కిలోలంటే మీటరు సాలుకి దాదాపు 3 గ్రాములు. ప్రతి ఎరువు గొట్టానికీ చిన్న సంచి కట్టి 30 మీటర్లు నడిపితే ఒక్కో సంచిలో 90 గ్రాములు రావాలి. సాలు 25 సెంటీమీటర్లయితే 75 గ్రాములు. ఒక గొట్టంలో 60, పక్కదానిలో 110 వస్తుంటే గడ్డ కట్టిన ఎరువు అడ్డుపడిందని అర్థం. ఈ ఎరువు చెమ్మ పీల్చుకుంటుంది. ముసురు పట్టిన రోజున గొర్రు ఎరువు డబ్బాలో వదిలేస్తే మర్నాటికి రాయిలా బిగుస్తుంది, ఇనుమునూ తినేస్తుంది. సాయంత్రం డబ్బా దులిపి, నీళ్లతో కడిగి, ఆరబెట్టాలి.

పైపాటుగా, అంటే పైరు ఎదిగాక, మళ్లీ 20-20 చల్లే అలవాటు చాలాచోట్ల ఉంది. అది డబ్బు దండగ, పైన పడిన భాస్వరం ఆ పంటకు పనికిరాదు. మూడు నాలుగు వారాలకు కలుపు తీసి, గుంటక తోలి, నేలలో పదును ఉన్నప్పుడు 17-18 కిలోల యూరియా చాలు. వాన లేకపోతే ఆగండి, పొడి నేల మీద చల్లకండి. పచ్చగా లేదని ఇంకో అరబస్తా వేస్తే కంకి బరువుకి చేను పడిపోతుంది, అగ్గి తెగులూ పెరుగుతుంది. జింక్ లోపం ఉంటే జింక్ సల్ఫేట్‌ను ఈ ఎరువుతో కలపకుండా, కొన్ని రోజుల తేడాతో విడిగా వేయాలి. రాగి పంటకైతే పొటాష్ కూడా కావాలి కాబట్టి ఈ బస్తా ఒక్కటే చాలదు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ తోడు వేసుకోవాలి.

ఐదెకరాలకు సరిగ్గా నాలుగు బస్తాలు పడతాయి. మిగిలేలా ఎక్కువ కొనకండి. ఒకసారి విప్పిన బస్తా వచ్చే ఏడాదికి గుళికలుగా ఉండదు. మిగిలితే మూతి బిగించి కట్టి, నేలకు, గోడకు తగలకుండా చెక్కల మీద పెట్టి, శనగ విత్తేటప్పుడు వాడేయండి.