గాయాల కోర్సుకి 11,000 కట్టాను: ఆరు వారాల వీడియోలకి ఆవలింతలు, రెండు రోజుల క్లాసుకి దండం

జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి సర్జికల్ వార్డులో నర్సుగా 14 ఏళ్ళుగా పనిచేస్తున్నాను. ఎన్ని కట్లు కట్టానో నాకే లెక్క లేదు. అందుకే మా మేట్రన్ మేడమ్ ఈ గాయాల సంరక్షణ కోర్సు సంగతి చెప్పినప్పుడు "డ్రెస్సింగ్‌లో నాకు కొత్తగా నేర్పేదేముంది మేడమ్" అని నోరు జారాను. జారాక కూడా చేరాను, ఎందుకంటే నర్సు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి శిక్షణ గంటలు కావాలి, నిజం చెప్పడానికి సిగ్గేముంది. ఆరు వారాలు ఆన్‌లైన్, చివర్లో హైదరాబాద్‌లో రెండు రోజులు చేతులతో చేసే క్లాసు. ఫీజు 11,000. ఖమ్మం నుంచి బస్సు, రెండు రాత్రులు లాడ్జి కలిపి ఇంకో మూడు వేల పైనే అయింది. నడిపేవాళ్ళ పేరు రాయను, కింద కొంచెం తిట్టబోతున్నాను కాబట్టి.

ముందు ఆన్‌లైన్ భాగం. స్లైడ్ మీద ఉన్నదే ఒక గొంతు చదువుకుంటూ పోతుంది, నైట్ డ్యూటీ దిగి వచ్చి అది వింటే ఎలా ఉంటుందో మీకే తెలుసు. రెండో వారంలో మాత్రం ఒక వీడియోకి లేచి కూర్చున్నాను. 1962లో జార్జ్ వింటర్ అనే ఆయన పందుల చర్మం మీద చిన్న చిన్న గాయాలు చేసి, కొన్నింటిని గాలికి వదిలేసి, కొన్నింటిని పాలిథిన్ పొరతో కప్పి చూశాడట. కప్పినవాటి మీద కొత్త చర్మం దాదాపు రెండింతల వేగంగా పాకింది. గాలికి ఎండినదాని మీద పక్కు కడుతుంది కదా, కొత్త చర్మ కణాలు ఆ పక్కు కింద తడి ఉన్నచోటు దాకా తొలుచుకుంటూ పోవాలి, తడిగా ఉన్నచోట అయితే తిన్నగా పాకేస్తాయి. "మాయిస్ట్ వూండ్ హీలింగ్" అని మేమూ పరీక్షలో రాసినవాళ్ళమే, మార్కులు కూడా వేశారు, కానీ ఎందుకో మాకు ఎవరూ చెప్పలేదు. ఇవాళ్టికీ మా వార్డులో "కట్టు విప్పేసి కాస్త గాలి తగలనివ్వండి" అనే మాట రోజుకి ఒక్కసారైనా వినిపిస్తుంది, అనేవాళ్ళలో డాక్టర్లు కూడా ఉంటారు.

వీడియోలతో నా అసలు గొడవ ఫోటోల దగ్గర. ఆరు వారాల్లో చూపించిన కాళ్ళు, పిరుదులు, మడమలు అన్నీ తెల్లవాళ్ళవే. మంచం పట్టినవాళ్ళకి ఒత్తిడి వల్ల వచ్చే పుండు మొదటి దశ ఎలా గుర్తుపట్టాలంటే, వేలితో నొక్కితే తెల్లబడని ఎరుపు అని చెప్పారు. మా పెద్దమ్మల నడుం మీద ఆ ఎరుపు ఎక్కడ కనిపిస్తుందండీ? నల్లటి చర్మం మీద అది ఎర్రగా కనపడకపోవచ్చు, చుట్టుపక్కల కంటే నల్లగా ఉండొచ్చు, తాకితే వేడిగానో చల్లగానో, గట్టిగానో మెత్తగానో తేడా తెలుస్తుంది. అంటే కంటితో కాదు, చేత్తో చూడాలి. ఇది వీడియోల్లో ఒక్క ముక్క లేదు, హైదరాబాద్ క్లాసులో సీనియర్ సిస్టర్ ఒకావిడ చెప్పింది. పైగా క్విజ్‌లో "ఎరుపు" అని పెడితేనే మార్కు. ఇంకో తమాషా, 2016లో "ప్రెషర్ అల్సర్" అనే మాట మార్చి "ప్రెషర్ ఇంజురీ" అనమన్నారు అమెరికాలో ఆ దశలు రాసేవాళ్ళు. మొదటి దశలో చర్మం తెగనే తెగదు కదా, దాన్ని పుండు అనడమేంటని. వీళ్ళ వీడియోల్లో పాత పేరు, క్విజ్‌లో కొత్త పేరు.

ఇక హైదరాబాద్ రెండు రోజులు. డబ్బులన్నీ ఇక్కడే వచ్చేశాయి నా వరకు.

మొదటి రోజు పొద్దున్న బల్లల మీద పాయా వండుకునే మేక కాళ్ళు పెట్టారు. (మధ్యాహ్నం భోజనంలో మటన్ పెట్టారు, సగంమంది పెరుగన్నంతో సరిపెట్టుకున్నారు.) వాటి మీద బ్లేడు ఎంత వాల్చి పట్టుకోవాలి, కుళ్ళిన కండని పొరలు పొరలుగా ఎలా తీయాలి, ఎక్కడ ఆపాలి అన్నీ చేయించారు. చేయడం కంటే ఆపడం మీదే ఎక్కువ సేపు చెప్పారు. మడమ మీద నల్లటి పెచ్చు గట్టిగా, పొడిగా, చుట్టూ ఎరుపూ చీమూ లేకుండా అతుక్కుని ఉంటే దాన్ని పీకొద్దు, అదే కింద కండకి కప్పు. నేను అలాంటివి ఎన్ని నానబెట్టి తీశానో గుర్తొచ్చి కాసేపు మాట్లాడలేకపోయాను.

తర్వాత కడగడం. 35 ఎం.ఎల్. సిరంజికి 19 గేజ్ సూది పెట్టి తోస్తే సుమారు 8 పీఎస్ఐ (ఒత్తిడి కొలిచే లెక్క) ఒత్తిడి వస్తుంది, 4 నుంచి 15 మధ్య ఉంటే మురికి పోతుంది, కండ దెబ్బతినదు. మన స్టోర్‌లో 35 ఎక్కడ దొరుకుతుంది, 20, 50 ఉంటాయి. సిరంజి చిన్నదయ్యేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి 20తో మెల్లగా తోయమన్నారు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే నురగ వస్తుంది, ఆ నురగ చూసి "శుభ్రమవుతోంది" అని పేషెంటుకీ మనకీ ఒక తృప్తి. కానీ అది కొత్తగా పుడుతున్న కణాల్ని కూడా కాలుస్తుందట. మా డ్రెస్సింగ్ ట్రాలీ మీద ఆ సీసా ఇంకా ఉంది, నేను తాకడం మానేశాను, తీసేయించేంత బలం నాకు లేదు.

గాయంలో ఏ క్రిములున్నాయో చూసే కల్చర్ పరీక్షకి స్వాబ్ (దూది పుల్ల) తీసేటప్పుడు పైన కనిపించే చీములో ముంచి పంపేవాళ్ళం. అలా కాదు, ముందు సెలైన్‌తో కడిగి, శుభ్రంగా ఉన్న కండ మీద ఒక చదరపు సెంటీమీటరు చోట స్వాబ్‌ని కొంచెం నొక్కి తిప్పాలి, లోపలి ద్రవం రావాలి. లేకపోతే ల్యాబ్ వాళ్ళు చెప్పేది చీములో ఏముందో అంతే, కండలో ఏముందో కాదు. ఇది వినగానే నా పక్కన కూర్చున్న తమ్ముడు, వరంగల్ నుంచి వచ్చాడు, "అక్కా, మనం ఇన్నాళ్ళూ ఏ రిపోర్టు చూసి యాంటీబయాటిక్ ఎక్కించామో" అన్నాడు. నవ్వాం గానీ అది నవ్వే విషయం కాదు.

రెండో రోజు అంతా షుగర్ కాళ్ళు. మోనోఫిలమెంట్ అని సన్నటి నైలాన్ తీగ, 10 గ్రాముల ఒత్తిడికి వంగుతుంది, పాదం మీద అక్కడక్కడా ఆనించి తెలుస్తోందా అని అడగాలి. ఆ మాత్రం కూడా తెలియకపోతే పాదానికి కాపలా లేనట్టే. క్లాసు చెప్పిన ప్లాస్టిక్ సర్జన్ గారు ఇక్కడ తమిళనాడులోని వెల్లూరు సంగతి ఎత్తారు. పాల్ బ్రాండ్ అనే డాక్టర్ అక్కడ కుష్ఠు రోగుల్లో గమనించింది ఏంటంటే, వాళ్ళ కండ చెడిపోయి పుండ్లు పడట్లేదు, నొప్పి తెలియక అదే చోట మళ్ళీ మళ్ళీ అడుగు వేయడం వల్ల పడుతున్నాయి. పాదానికి అతుక్కునేలా ప్లాస్టర్ కట్టు వేసి బరువుని అంతటా పంచితే ఏ మందూ లేకుండా మానేవి. ఆయనే తర్వాత ఆ పద్ధతిని అమెరికాలో కార్విల్ ఆసుపత్రికి పట్టుకెళ్ళాడు, ఇవాళ షుగర్ పాదానికి ప్రపంచమంతా వాడే టోటల్ కాంటాక్ట్ కాస్ట్ అదే. మన దేశంలోనే పండిన జ్ఞానాన్ని నేను 11,000 పెట్టి ఇంగ్లీషు స్లైడ్ల మధ్య వెతుక్కోవాల్సి వచ్చింది.

ఆ మాట వినగానే నాకు ఒక కౌలు రైతు గుర్తొచ్చాడు. బొటనవేలి కింద పుండు, అయిదు నెలలుగా మా దగ్గరికి రోజూ డ్రెస్సింగ్‌కి వస్తున్నాడు. అయిదు నెలల్లో మేం ఆయింట్‌మెంట్లు నాలుగు మార్చాం. ఆయన ఎలా వస్తున్నాడో మాత్రం ఎవరూ అడగలేదు. వెనక్కి వచ్చిన మర్నాడు అడిగాను, "బాబాయ్, బస్టాండు నుంచి ఎట్లా వస్తున్నావు?" "నడిచే వస్తున్నానమ్మా, ఆటోకి రోజూ ఎక్కడ పెట్టేది" అన్నాడు. రానూ పోనూ రెండు కిలోమీటర్ల పైనే, పుండు మీద నడుచుకుంటూ, మేం కట్టే కట్టు కోసం. మా డాక్టర్ గారితో మాట్లాడి డ్రెస్సింగ్‌ని వారానికి రెండుసార్లు చేశాం, ఆ చోట బరువు పడకుండా ఫెల్ట్ (మందపాటి మెత్తటి గుడ్డ) కోసి అంటించాం, మెత్తటి ఎంసీఆర్ రబ్బరు చెప్పులు కుట్టించాం. మొదటి రోజు కొలిస్తే పొడవు 3 సెంటీమీటర్లు, వెడల్పు రెండున్నర. అయిదు వారాలకి ఒకటిన్నర, ఒకటి. ఇంకా మూసుకోలేదు. కొలవడం కూడా ఈ కోర్సు పుణ్యమే, తల వైపు 12 గంటలు అనుకుని గడియారం లెక్కన పొడవు వెడల్పు రాయడం, పక్కన కాగితం స్కేలు పెట్టి ఫోటో తీయడం. షుగర్ పుండు నాలుగు వారాల్లో సగానికి తగ్గకపోతే చేస్తున్న వైద్యం మొత్తం మళ్ళీ చూసుకోవాలట. మా కేస్ షీట్లలో 14 ఏళ్ళుగా "డ్రెస్సింగ్ డన్" అని తప్ప ఒక్క అంకె లేదు, నా చేతిరాతతో సహా.

తిట్లకి వద్దాం. 32 మందికి ఒకే ఒక చేతి డాప్లర్ (నాళాల్లో రక్తం పారే చప్పుడు వినిపించే మెషీన్). కాలికి బిగుతు కట్టు కట్టే ముందు రక్తం బాగా అందుతోందో లేదో చీలమండ దగ్గరా చేతి దగ్గరా బీపీ చూసి నిష్పత్తి లెక్కవేయాలి, 0.8 కంటే తక్కువైతే మామూలు బిగుతు కట్టు వేయకూడదు, షుగర్ వాళ్ళకి రక్తనాళాలు గట్టిపడి అంకె అబద్ధంగా ఎక్కువ చూపిస్తుంది. ఇవన్నీ చెప్పారు, బానే ఉంది, నా వంతు వచ్చేసరికి టీ టైమ్ అయింది. ఆ మెషీన్ నేను ముట్టుకోకుండానే తిరిగొచ్చాను.

ఇంకోటి, రెండో రోజు గంటన్నర ఒక కంపెనీ ప్రతినిధికి ఇచ్చేశారు. ఆయన లెక్కలో ప్రతి గాయానికీ మందు వెండి కలిపిన డ్రెస్సింగే. ఇన్‌ఫెక్షన్ ఉన్న గాయానికే అది, అదీ రెండు వారాలు వాడి పని చేస్తోందో లేదో చూడమని అంతకుముందు గంటే సీనియర్ సిస్టర్ చెప్పింది, పాపం ఆవిడ వెనక బెంచీలో కూర్చుని వింటోంది. "మా పేషెంట్లు అంత పెట్టలేరు సార్, బదులు ఏం వాడమంటారు" అని అడిగితే నవ్వి తర్వాతి స్లైడ్‌కి పోయాడు. జవాబు మళ్ళీ ఆవిడే చెప్పింది: వ్యాజిలిన్ పూసిన గాజ్ గుడ్డ గాయానికి అంటుకోకుండా కాపాడుతుంది, సెలైన్‌లో తడిపిన గాజ్ గుడ్డ వాడితే నీళ్ళు కారేలా కాదు, పిండి చెమ్మగా పెట్టాలి, ఎండిపోయాక పీకకూడదు. ముంబైలో కాలిన గాయాలకి ఉడికించిన బంగాళాదుంప తొక్కలూ అరటాకులూ శుద్ధిచేసి డ్రెస్సింగులుగా వాడారని కూడా చెప్పింది. ఇంట్లో చేసుకోమని కాదు, చౌక అంటే నాసిరకం కాదని.

ఆహారం మీద వీడియోలో ప్రొటీన్ షేక్ బొమ్మ పెట్టి కిలో బరువుకి 1.25 నుంచి 1.5 గ్రాములు అని ముగించారు. 60 కిలోల మనిషికి 75 నుంచి 90 గ్రాములన్నమాట. మా వార్డులో అసలు యుద్ధం "పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు పెట్టొద్దు" అనే అత్తగార్లతో. ఆపరేషన్ అయినవాళ్ళకి పది రోజులు చారన్నం పెట్టి కూర్చోబెడతారు. వాళ్ళకి ఎలా చెప్పాలో ఒక్క పావుగంట తెలుగులో నేర్పి ఉంటే ఆ కంపెనీ గంటన్నర కంటే ఎక్కువ పనికొచ్చేది.

క్లాసు ఒక్కటే విడిగా పెడితే 6,000 అయినా ఇచ్చి వెళ్ళమంటాను, కొత్తగా చేరిన పిల్లలైతే తప్పకుండా. ఈ మొత్తం ప్యాకేజీకి అయితే అయిదుకి మూడు. వెళ్ళేవాళ్ళు పొద్దున్నే వెళ్ళి డాప్లర్ ఉన్న బల్ల దగ్గర కూర్చోండి. సర్టిఫికెట్ వారంలో పంపుతామన్నారు, అయిదో వారంలో వచ్చింది, నా ఇంటిపేరు తప్పు పడింది, రెండు మెయిళ్ళు పెట్టాను, ఇంకా జవాబు లేదు.